నీలిమంట పట్టేదాకా

మొదటి పార బొగ్గు పల్చగా చల్లాలి, దుప్పటి కప్పినట్టు కాదు, కూరలో ఉప్పు వేసినట్టు, కట్టె నిప్పు అక్కడక్కడ పైకి కనపడుతూనే ఉండాలి అని అడోమస్ చెప్పేవాడు. ఆ మాట గుర్తుండి కూడా పొద్దుటి నుంచి రెండుసార్లు తొందరపడ్డాను, రెండుసార్లూ నిప్పుకి ఊపిరాడక నల్లబడిపోయింది. ఇది మూడోసారి. వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఇనప పొయ్యి పైతలుపు తెరిచి ఒక్కొక్క బొగ్గు పెళ్ళా చేత్తోనే పెడుతున్నాను, పార పట్టుకుంటే నా చెయ్యి నా మాట వినదని భయం. వేళ్ళకి స్పర్శ పోయి చాలాసేపయింది. బల్ల మీది నీళ్ళ బక్కెట్టు పైన మంచు పెచ్చు కట్టింది, ఊపిరి వదిలితే మొహం ముందే పొగలా నిలబడుతోంది, కిటికీ అద్దానికి లోపలివైపే మంచు పట్టింది. మధ్యాహ్నం ఇంకా దాటలేదు గానీ బయటి వెలుతురు సున్నపు తేటలా ఉంది. నా మొగుడు అడోమస్‌ని నిన్న కొండ మీద పూడ్చిపెట్టి వచ్చాం. పై మట్టి రాయిలా బిగుసుకుపోయి కాటికాపరి గునపానికి లొంగకపోతే, అడోమస్‌తో కలిసి బొగ్గు తవ్వే మనుషులే తమ పలుగులు తెచ్చి తవ్వారు. పలుగు దెబ్బలు ఎదురు కొండకి తగిలి తిరిగొస్తుంటే అత్తయ్య తల వంచుకుని ఆ చప్పుడే వింటూ నిలబడింది.

అత్తయ్య ఇప్పుడు కింద, నేలమాళిగలో ఉంది. చర్చికి వేసుకున్న నల్ల గౌను నిన్నటి నుంచి విప్పలేదు. బొగ్గు కుప్ప పక్కన బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని, చేతులకి ఏమీ తొడుక్కోకుండా బొగ్గులోంచి రాళ్ళు ఏరుతోంది. రాయి తగిలినప్పుడు దాన్ని పక్కకి విసిరేస్తుంది, ఆ టక్కుమనే చప్పుడు నేల చెక్కల సందుల్లోంచి నాకు వినపడుతోంది. వినపడుతున్నంతసేపూ ధైర్యంగా ఉంటోంది, ఆగితే ఆమె దగ్గు వినపడేదాకా చెవి నేలకి ఆన్చి ఉంచుతున్నాను. ఆ దగ్గు మంచి దగ్గు కాదు. నిన్న సాయంత్రం మొదలైంది, పొద్దుటికి లోపలికి దిగింది. శవాన్ని ముందుగదిలో పెట్టినన్నాళ్ళూ ఇంట్లో పొయ్యి వెలగకూడదు, గది చల్లగా ఉండాలి, అంచేత అందరూ కోట్లు వేసుకునే కూర్చున్నారు, కోట్లు వేసుకునే పాటలు పాడారు, ఆడవాళ్ళు రై రొట్టె, క్యాబేజీ కూర ఎవరిళ్ళలో వాళ్ళు వండి పట్టుకొచ్చారు. వాళ్ళంతా వెళ్ళిపోయాక వెలిగించుకోవాలి. ఏ ఇంట్లోనైనా అంతే కదా, శవం లేచాక ముందు పొయ్యే వెలిగిస్తారు. అత్తయ్య శ్మశానం నుంచి వచ్చి తిన్నగా నేలమాళిగ మెట్లు దిగింది. బొగ్గు తేవడానికి అనుకున్నాను. ఎంతసేపటికీ పైకి రాలేదు.

ఆ పొయ్యి ఆమెది. ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజే అది నాకు అర్థమైంది. లిథువేనియా నుంచి వచ్చి, ఈ గనుల ఊళ్ళో కాపురం పెట్టి, ఊపిరితిత్తుల్లో బొగ్గు నింపుకున్న మొగుణ్ణి సాగనంపి, ఒక్కగానొక్క కొడుకుని పెంచి, ఇన్ని చలికాలాలు ఆమె ఆ పొయ్యిని ఆరనివ్వలేదు. ఆకులు రాలేటప్పుడు వెలిగిస్తే మళ్ళీ ఆకులు వేసేదాకా అదే నిప్పు. నేను ఫిలడెల్ఫియాలో పుట్టి పెరిగినదాన్ని. మా అద్దె ఇంట్లో గోడ పక్కన ఇనప గొట్టాలుండేవి, చలికాలం వాటిలోకి ఆవిరి వచ్చేది, మేజోళ్ళ మిల్లులో పని చేసి వచ్చి తడి సాక్సులు వాటి మీద ఆరేసుకునేదాన్ని. ఆ వేడి ఎక్కణ్ణించి వస్తుందో చూడాలని ఒక్కనాడూ తోచలేదు. ఒకరోజు మా ఇంటి ముందు లారీ ఆపి బొగ్గు దించుతున్నాడు ఒక మనిషి, మొహమంతా నలుపు, కళ్ళు మాత్రం ఎవరో కడిగి పెట్టినట్టున్నాయి. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే, "కింద బాయిలర్ ఉంది, వచ్చి చూస్తావా, నువ్వు ఇన్నాళ్ళూ కాచుకుంటున్నది నా బొగ్గే" అన్నాడు మా లిథువేనియా భాషలో. నేను ఆ భాషదాన్నని ఎలా తెలిసిందని అడిగితే, "లోపల మీ అమ్మ నిన్ను తిడుతోందిగా, వినపడింది" అన్నాడు. ఆ మనిషే అడోమస్. చూడ్డానికి వెళ్ళాను. బాయిలర్ తలుపు తెరిస్తే లోపల మంట ఎర్రగా లేదు, నీలంగా ఉంది, చప్పుడు లేదు, పొగ లేదు. నిప్పు ఇలా కూడా ఉంటుందా అనుకున్నాను.

చిటపట. ఒక్కసారే. అయినా చూడకూడదు. తలుపు తెరిచి తెరిచి చూస్తే లోపలి వేడి పోతుంది, మూసి కూర్చోవాలి. కూర్చోవడమే ఇందులో కష్టమైన పని. కట్టెల పొయ్యికైతే ఊదొచ్చు, కదపొచ్చు, ఎగదొయ్యొచ్చు. ఈ గట్టి బొగ్గు దగ్గర చేతులు కట్టుకోవాలి. వచ్చిన మొదటి చలికాలంలో అత్తయ్య చర్చికి వెళ్ళినప్పుడు నిప్పు మందగించినట్టనిపించి ఇనప ఊచతో పైనుంచి బాగా కలియబెట్టాను. ఆమె తిరిగొచ్చేసరికి పొయ్యి చచ్చి ఉంది. కోటు విప్పకుండానే బూడిద ఎత్తి, కట్టెలు పేర్చి, వెలిగించి, నీలిమంట వచ్చాక లేచి, ఆ ఇనప ఊచని తీసుకెళ్ళి పెరట్లో మంచులోకి విసిరేసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అడోమస్ నవ్వు ఆపుకోలేక రొట్టె గొంతుకి అడ్డం పడి దగ్గాడు. "పట్నం పిల్లా, నీకో రహస్యం చెప్తాను" అన్నాడు తర్వాత, "ఈ బొగ్గూ మా అమ్మా ఒకటే. గుచ్చావో, చల్లబడిపోతుంది. దాని మానాన దాన్ని వదిలెయ్, ఇల్లంతా వెచ్చగా ఉంటుంది." అవతల్నించి అత్తయ్య, "వినపడుతోందిరా" అంది.

వినపడుతోంది. టక్. ఇంకో రాయి.

ఇందాక బొగ్గు కోసం కిందికి దిగినప్పుడు ఆమె తలెత్తలేదు. కిటికీ కిందే కొత్త కుప్ప, దాని వెనక గోడకి ఆనుకుని పాత కుప్ప. పాత దాంట్లోంచి తీసుకుందామని ఆమె మీదుగా వంగాను.

"ముట్టుకోకు."

"అత్తయ్యా, నీళ్ళు గడ్డకట్టాయి."

"కట్టనీ."

"మీకు దగ్గొస్తోంది."

"వస్తే వచ్చింది. వాడు చీకట్లో నేల మీద పాక్కుంటూ తెచ్చిన బొగ్గు ఇది. దీన్ని బూడిద చేసుకుని నేను చేతులు కాచుకోనా?"

నేను పెళ్ళ మీద చెయ్యి వేశాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆ వయసులో అంత బలం ఎక్కడిదో. ఆమె వేళ్ళు, నా వేళ్ళు, రెండూ ఒకేలా ఉన్నాయి, గోళ్ళ చుట్టూ చీలికలు, చీలికల్లో ఎంత రుద్దినా పోని నలుపు. "నేనూ ఏరాను, అత్తయ్యా" అన్నాను. "మీ పక్కనే కూర్చుని నేనూ ఏరాను." ఆమె నా చేతి వంక చాలాసేపు చూసింది. తర్వాత వేళ్ళు వదిలాయి. ఆమె వదిలిందో, వేళ్ళే అలిసిపోయాయో తెలియదు. బక్కెట్టు నింపుకుని మెట్లెక్కాను. వెనక నుంచి మళ్ళీ టక్కుమని చప్పుడు.

నిజమే, ఏరాను. పెద్ద గని మూతపడ్డాక ఊళ్ళో మగవాళ్ళంతా కంపెనీ కొండ మీద ఎవరి గొయ్యి వాళ్ళు తవ్వుకున్నారు. దొంగ బొగ్గు అని పేపర్లలో రాసేవారు, మా ఊళ్ళో ఆ మాట ఎవరూ అనేవారు కాదు, గొయ్యి అనేవారు, అంతే. కంపెనీ పోలీసులు పగలు వచ్చి గోతులు పేల్చేసి పోతే సాయంత్రానికి పక్కన ఇంకోటి మొదలయ్యేది. అడోమస్, పక్కింటి కాన్ బ్రెస్లిన్ బాబాయ్, ఇద్దరిదీ ఒక గొయ్యి. పాత కారు ఇంజను ఒకటి పైన బిగించారు, అది తాడు చుడితే బక్కెట్టు పైకొస్తుంది. ఒకరు లోపల, ఒకరు ఇంజను దగ్గర. పెరట్లో నేనూ అత్తయ్యా సుత్తులతో పెద్ద గడ్డలు పగలగొట్టి, జల్లెడ పట్టి, రాళ్ళు ఏరేవాళ్ళం. మొదట్లో నాకు రాయేదో బొగ్గేదో తెలిసేది కాదు, రెండూ నలుపే, రెండూ మెరిసేవి. "బరువు చూడు, పిల్లా, కంటితో కాదు" అనేది అత్తయ్య. ఆమె నాతో మాట్లాడిన మాటలన్నీ దాదాపు అలాంటివే. బరువు చూడు. ఎండలో పెట్టు. కింది కమ్మీలు ఇప్పుడు కుదుపు, ఎర్ర నిప్పురవ్వ బూడిదలో పడగానే ఆపు. బ్రెస్లిన్ బాబాయ్ కంచె మీద మోచేతులు ఆన్చి, "అమ్మాయ్, మీ అత్త ఇవాళ నీతో మూడో మాట మాట్లాడినట్టుంది, జాగ్రత్త, రేపు వాన పడుతుంది" అనేవాడు. "నీ నోట్లో బొగ్గు పెడతాను, ఐరిష్ వాడా" అనేది ఆమె. "పెట్టు తల్లీ, ఇంట్లో బొగ్గయిపోయింది" అనేవాడు. ఆమె నవ్వేది కాదు గానీ సుత్తి దెబ్బ కాస్త తేలిగ్గా పడేది.

పొయ్యిలో చప్పుడు మారింది. చిటపటలు వరసగా వస్తున్నాయి, వేడికి పెళ్ళలు పగులుతున్నాయి. కింది తలుపు సందులోంచి గాలి లోపలికి ఈడ్చుకుంటున్న హోరు. తలుపు కొంచెమే తీసి చూశాను. కట్టెలు ఎర్రగా కుంగిపోయాయి, వాటి మీద చిన్న పెళ్ళల అంచులు నారింజ రంగుకి తిరిగాయి. ఇంకా నీలం లేదు. రెండో వరస వెయ్యాలి ఇప్పుడు. ఒక మూల ఎర్రగా వదిలెయ్యాలి, మొత్తం కప్పేస్తే కంటికి కనపడని గ్యాసు పేరుకుని ఒక్కసారిగా పొయ్యి మూతలు ఎగిరిపోతాయి, లేదంటే ఇంకా ఘోరం, చప్పుడు లేకుండా ఇంట్లోకి పాకుతుంది, పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారు. ఈ మాటలు చెప్పేటప్పుడు మాత్రం అడోమస్ నవ్వేవాడు కాదు. నా రెండు చేతులూ పట్టుకుని చెప్పేవాడు. నీలిమంట పట్టేదాకా పొగ గొట్టాన్ని మూసే రేకు తిప్పకు, వెరోనా, ఏం జరిగినా తిప్పకు. పొయ్యి గురించి ఇన్ని జాగ్రత్తలు తెలిసిన మనిషికి ఆ రోజు గోతి లోపల దూలం విరగబోతూ చేస్తున్న చప్పుడు వినపడలేదా. వినపడే ఉంటుంది. దూలాలు ముందు మాట్లాడతాయి అనేవాడు తనే. ఇంకొక్క బక్కెట్టు నింపి వచ్చేద్దాం అనుకుని ఉంటాడు.

బ్రెస్లిన్ బాబాయ్ ఇంజను దగ్గర ఉన్నాడు. బక్కెట్టు పైకొచ్చింది, దించుకున్నాడు, ఖాళీది కిందికి వదిలాడు, తాడు మధ్యలో వదులైపోయింది, కింద గొయ్యి కూలింది. నాకు తెలిసింది పరుగెత్తే కాళ్ళ చప్పుడుతో. కొండ మీద ఎన్ని గోతులున్నాయో అన్ని గోతుల్లోంచి మనుషులు వచ్చారు, పోల్స్, ఐరిష్ వాళ్ళు, అంతకుముందు వారమే బారులో మా ఆయనతో కొట్టుకున్నవాళ్ళు కూడా. వంతులు వేసుకుని తవ్వారు. ఆడవాళ్ళం పైన నిలబడ్డాం. అత్తయ్య ఒక్కసారి కూడా ఏడవలేదు, దేవుణ్ణి పిలవలేదు, పైకి వస్తున్న ప్రతి బక్కెట్టు మట్టినీ చూస్తూ, మధ్యలో బొగ్గు కనపడితే వంగి ఏరి పక్కన పెట్టింది. ఎవరూ వద్దనలేకపోయారు. అతన్ని పైకి తెచ్చినప్పుడు మొహం మీద దెబ్బ ఏమీ లేదు. కళ్ళు మూసే ఉన్నాయి. నేను గుర్తుపట్టడానికి ఆ కళ్ళ కోసమే చూశాను.

మర్నాడు మేము ముందుగదిలో శవం పక్కన కూర్చుని ఉండగా నేలమాళిగ కిటికీ దగ్గర జలజలమని చప్పుడైంది. బొగ్గు పడుతున్న చప్పుడు. ఆ చప్పుడంటే అడోమస్ వచ్చాడని అర్థం ఈ ఇంట్లో. అత్తయ్యా నేనూ ఒకేసారి తలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బయటికి వెళ్ళి చూస్తే బ్రెస్లిన్ బాబాయ్, టోపీ చేతిలో పట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "ఆ రోజు పైకొచ్చిందమ్మా ఇది. వాడి వాటా. ఏం చెయ్యాలో తెలియక తెచ్చి పోశాను" అన్నాడు. కిటికీ కిందున్న కొత్త కుప్ప అదే.

మా అక్క తెరెసా అంత్యక్రియలకి వచ్చి నిన్న సాయంత్రమే వెళ్ళిపోయింది. బస్సుకి బయల్దేరే ముందు వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "మిల్లులో నీ పాత మిషన్ మళ్ళీ ఖాళీ అయిందట, అడిగాను. శనివారం వచ్చెయ్. పిల్లాజెల్లా లేరు, ఇక్కడ నీకేముంది?" అంది. వస్తానన్నాను. వెంటనే అన్నాను, ఆలోచించకుండా. ఆవిరి గొట్టాలు గుర్తొచ్చాయి, వాటి మీద ఆరుతున్న సాక్సుల వాసన గుర్తొచ్చింది, ఒంటి మీద మసి లేకుండా నిద్ర లేవడం గుర్తొచ్చింది. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. చల్లటి ఇంట్లో, కొడుకు బొగ్గు పక్కన కూర్చున్న మనిషిని వదిలి బస్సెక్కలేను. వెచ్చటి ఇంట్లో అయితే ఎక్కగలను. అందుకే పొద్దుటి నుంచీ దీని ముందు మోకరిల్లాను. ఆమె కోసం అనుకుంటున్నాను, కాదు, నా కోసమే. వెలిగించి వెళ్ళిపోదామని. అడోమస్, నువ్వుంటే ఏమనేవాడివి. వెళ్ళమనేవాడివి. నవ్వుతూ అనేవాడివి, తర్వాత లారీ కింద దూరి చాలాసేపు బయటికి రాకుండా ఏదో బిగించుకుంటూ ఉండేవాడివి.

వచ్చింది. తలుపు సందులో కాదు, ముందు వాసనలో తెలిసింది, ఆ గంధకం ఘాటు తగ్గిపోయింది. తెరిచి చూశాను. పెళ్ళల మధ్య నుంచి చిన్న చిన్న నీలం నాలుకలు, ఒకటి లేచి, పక్కదాన్ని అంటుకుని, ఆరి, మళ్ళీ లేస్తున్నాయి. పొగ లేదు. మొహానికి వేడి తగిలింది, తగిలాక గానీ మొహం ఎంత చల్లబడిపోయిందో తెలియలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. శవం దగ్గర రాలేదు, కొండ మీద రాలేదు, ఇప్పుడొచ్చింది. ముక్కు కారుతోంది, మసి చేత్తోనే తుడుచుకున్నాను. నువ్వు తవ్వినది కాలిపోతోంది, అడోమస్, నేనే కాలుస్తున్నాను, ఎంత బాగా కాలుతోందో చూడు.

కింద టక్కుమనే చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో గమనించలేదు. లేవబోతుంటే మెట్ల మీద అడుగులు, ఒక మెట్టు, దగ్గు, ఇంకో మెట్టు. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో చిన్న బక్కెట్టు, నిండా బొగ్గు, ఒక్క రాయి లేదు. కొత్త కుప్పలోది. నా వంక చూడలేదు, తిన్నగా పొయ్యి దగ్గరికొచ్చి పైతలుపు తీసి లోపలికి చూసింది. నీలం వెలుతురు ఆమె ముడతల మీద కదిలింది.

"పట్టుకుంది" అంది.

"మూడోసారికి పట్టుకుంది, అత్తయ్యా."

"నాకు మొదటిసారి వారం పట్టింది. మా ఆయన పెళ్ళయిన కొత్తలో వెలగని పొయ్యి ముందు కూర్చుని పచ్చి బంగాళాదుంపలు తిన్నాడు." అని, బక్కెట్టులోంచి బొగ్గు తీసి, మూలల నుంచి మొదలుపెట్టి, మంట నొచ్చుకోకుండా, తన చేత్తోనే లోపల పెట్టింది. ఒక్కో పెళ్ళా పెట్టే ముందు ఒక్క క్షణం అరచేతిలో ఉంచుకుంటోంది. చివరి పెళ్ళ చాలాసేపు ఉంచుకుంది. తర్వాత అదీ పెట్టింది. తలుపు మూసి కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను నా శాలువా తెచ్చి ఆమె భుజాల మీద కప్పితే వద్దనలేదు. కింది తలుపు బార్లా తెరిచే ఉంది, పొయ్యి హోరున ఈడుస్తోంది, బక్కెట్టులో మంచు పెచ్చు అంచుల నుంచి విడిపోతోంది.

"అత్తయ్యా, కింది తలుపు మూసేదా? ఇలా ఉంటే బొగ్గు తొందరగా అయిపోతుందేమో."

"ఉండనీ. శనివారం దాకానేగా నువ్వుండేది. ఈ రెండు రోజులైనా వెచ్చగా ఉండు."

"మీకెవరు చెప్పారు?"

"మీ అక్క గొంతు పెద్దది." పొయ్యి వైపే చూస్తోంది. "వెళ్ళు. తప్పేం లేదు. ఈ ఊరు ఆడదానికి ఏమిచ్చిందని. పొయ్యి గురించి బెంగ పెట్టుకోకు, అది నాకు తెలిసిన పనే." దగ్గొచ్చింది, ఆగింది. "వెళ్ళేటప్పుడు వాడి మంచి కోటు తీసుకెళ్ళు. నీకు పెద్దదవుతుంది గానీ కుట్టుకోవచ్చు."

వెళ్తానని చెప్పడానికే నోరు తెరిచాను. ఇంత తేలిగ్గా వదిలేసింది, ఇక అడ్డం ఏముంది. ఆమె రెండు చేతులూ పొయ్యి వైపు చాపి ఉన్నాయి, అరచేతులు తెరుచుకుని, మసిలో చీలికలు తెల్లగా కనపడుతూ. పక్క కుర్చీ అడోమస్‌ది, దాని మీద నేను కూర్చున్నానని అప్పుడే గమనించాను. ఎప్పుడు కూర్చున్నానో.

"కింద బొగ్గు ఎన్నాళ్ళొస్తుంది, అత్తయ్యా?"

"కాల్చేదాన్ని బట్టి."

"అది అయిపోయేదాకా ఉంటాను" అన్నాను.

ఆమె నా వైపు తిరగలేదు. మేమిద్దరం అలా కూర్చున్నాం, బయట పాలిపోయిన ఎండ మంచు మీద నుంచి జరుగుతోంది, ఎవరో వీధిలో గుర్రాన్ని అదిలిస్తున్నారు. కాసేపటికి అత్తయ్య కుర్చీ చేతుల మీద ఆనుకుని నెమ్మదిగా లేచింది. వంగి పొయ్యి కింది తలుపు మూసింది, వెంట్రుకంత సందు ఉంచి. చెయ్యి పైకెత్తి గొట్టంలోని రేకు పిడి పట్టుకుని, అడ్డంగా వచ్చేదాకా తిప్పింది. హోరు తగ్గి, తగ్గి, లోపల నిప్పు ఊపిరి తీసుకుంటున్నంత చప్పుడే మిగిలింది.

"నిదానంగా కాలనీ" అంది.